చీపురు పట్టిన ఊరు

పిల్లలూ! ఆంధ్రప్రదేశ్ పటం ఒకటి తెచ్చి ముందు పెట్టుకోండి. ఈశాన్యపు మూలన, ఒడిశా సరిహద్దును ఆనుకుని, సముద్రం ఒడ్డున శ్రీకాకుళం జిల్లా కనిపిస్తుంది. అందులో టెక్కలి పేరు వెతకండి. టెక్కలి దొరికితే, దాని దగ్గరలోనే సముద్రం వైపు సంతబొమ్మాళి ఉంటుంది. అదే మా ఊరు.

మా మండలంలోనే నౌపడా ఉంది. నౌపడా ఉప్పు పేరు మీ తాతగారినీ అమ్మమ్మగారినీ అడగండి, చెబుతారు. ఒక లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు కరిగి ఉంటాయి. ఆ ఉప్పునీటిని మళ్లలోకి పెట్టి ఎండనిస్తే నీరు ఆవిరై పోతుంది, ఉప్పు మిగులుతుంది. చెప్పటానికి ఇంతే. కాని ఉప్పుమడి దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది, అది ఒక్కరోజు పని కాదని. గట్లు తెగకుండా చూసుకోవాలి. ఒక మడిలోనుంచి మరో మడిలోకి నీరు మార్చాలి. తేలిన ఉప్పును లాగి కుప్ప వెయ్యాలి. మధ్యలో ఒక పెద్ద వాన కురిసిందా, మడిలో ఉన్నదంతా కరిగిపోతుంది. అప్పుడు మళ్లీ మొదటినుంచీ ప్రారంభించాలి.

ఈ సంగతి కొంచెం జ్ఞాపకం ఉంచుకోండి. చివరికి దీనితో పని పడుతుంది.

నేను ముప్ఫై అయిదేళ్లపాటు పిల్లలకు పాఠాలు చెప్పి, ప్రధానోపాధ్యాయుడిగా పని చేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. పిల్లలకు నేర్పటమే కాని వారి దగ్గర నేర్చుకోవటం నాకు ఆలస్యంగా అలవాటయింది. అది ఎలా జరిగిందో చెబుతాను.

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా ఉద్దానం తీరాన్ని తాకింది. పలాస నుంచి సముద్రం దాకా కొబ్బరి చెట్లు, జీడిమామిడి చెట్లు, పనస చెట్లు వేళ్లతోసహా కూలిపోయాయి. తాతలు నాటిన తోటలు ఒక్క పూటలో నేలమట్టమయ్యాయి. కొంతకాలం గడిచాక, నేను పని చేస్తున్న బడిలో పిల్లలచేత అరవై మొక్కలు నాటించాను. ఆ రోజు పెద్దలు వచ్చారు, ఉపన్యాసాలు జరిగాయి, ఫొటోలు తీశారు. అందరికీ మిఠాయి పంచాము.

సభ ముగిశాక ఏడో తరగతి చదివే అమ్మాయి ఒకతె నా దగ్గరికి వచ్చి, “మేష్టారూ, రేపటినుంచి వీటికి నీళ్లెవరు పోస్తారండీ?” అని అడిగింది.

“ఎవరో ఒకరు పోస్తారమ్మా,” అన్నాను.

ఆ “ఎవరో ఒకరు” రాలేదు. వేసవి సెలవులు వచ్చాయి. బడి తెరిచేనాటికి అరవైలో నాలుగు మొక్కలే బతికి ఉన్నాయి. ఆ అమ్మాయి నన్ను మళ్లీ ఏమీ అడగలేదు. కాని ఎండిన పుల్లల పక్కనుంచి నడిచినప్పుడల్లా ఆ ప్రశ్న నాకు వినిపించేది.

బడి విడిచిపెట్టాక ఒకనాడు కృష్ణా జిల్లాలో ఉన్న నా పాత సహాధ్యాయి ఉత్తరం రాశాడు. “మా పక్కన చల్లపల్లి అనే ఊరుంది. అక్కడివాళ్లు రోజూ తెల్లవారకముందే లేచి తమ ఊరిని తామే ఊడ్చుకుంటారు. ఒకసారి వచ్చి చూడు,” అని అందులో ఉంది. “రోజూ” అన్న మాట నన్ను పట్టుకున్నది. మాఘమాసంలో ఒకనాడు సంచి సర్దుకుని బయలుదేరాను.

నౌపడాలో రైలెక్కి, విశాఖపట్నంలో మరో రైలుకు మారాను. నౌపడానుంచి విజయవాడకు సుమారు 500 కిలోమీటర్లు. దారిలో మన నదులన్నీ వరసగా పలకరిస్తాయి. ముందు వంశధార, తరవాత నాగావళి, రాజమహేంద్రవరం దగ్గర గోదావరి. విజయవాడ చేరితే కృష్ణ. అక్కడినుంచి బస్సు. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ, పామర్రు కూడలి, నాట్యానికి ప్రసిద్ధి చెందిన కూచిపూడి దాటాక, సుమారు రెండు గంటల ప్రయాణం తరవాత చల్లపల్లి వచ్చింది. ఒకప్పుడు అది జమీందారుల ఊరు. వారి కోట ఇప్పటికీ ఉంది.

నేను కోటను చూడటానికి రాలేదు గనక, నేరుగా రోడ్డు పక్కనే చూస్తూ నడిచాను. ఊళ్లోకి వచ్చే దారి పొడుగునా నీడచెట్లూ పూలమొక్కలూ ఉన్నాయి. మురుగుకాలవలో నీరు పారుతోంది. గంగులవారిపాలెం వెళ్లే దారిని నా మిత్రుడు ప్రత్యేకంగా చూపించాడు. ఒకప్పుడు ఆ దారిన పోవాలంటే ముక్కు మూసుకోవలసి వచ్చేదట. జనం దాన్ని బహిర్భూమిగా వాడేవారు. ఇప్పుడు అదే దారిలో సాయంకాలం పూట పిల్లలను వెంటబెట్టుకుని తల్లులు షికారుకు పోతున్నారు.

ఈ పని 2014 నవంబరు 12న మొదలైంది. ఊళ్లో వైద్యం చేసే ఒక డాక్టరుగారూ, డాక్టరే అయిన ఆయన భార్యా ముందుకు వచ్చారు. రోగం వచ్చాక మందివ్వటం వారి వృత్తి. రోగం రాకుండా చెయ్యాలంటే ముందు వీధి బాగుపడాలని వారికి తోచింది. వారితో కొందరు కలిశారు, తరవాత మరి కొందరు కలిశారు. ఇందుకోసం ఒక ట్రస్టు కూడా పెట్టుకున్నారు. దాని పేరు “మనకోసం మనం”. ఆ పేరు చూడండి! ఊరిని ఉద్ధరిస్తున్నామని గాని, ఎవరికో సేవ చేస్తున్నామని గాని అందులో లేదు. మన పని మనం చేసుకుంటున్నామని మాత్రమే ఉంది.

ఆ రాత్రి మిత్రుడి ఇంట్లో పడుకున్నాను. నాలుగు గంటలకే అతను తట్టి లేపాడు. బయట ఇంకా చీకటి. మంచు పడుతోంది. వీధి దీపాల కింద ఒక్కొక్కరే చేరుతున్నారు. ఇద్దరు ముగ్గురు సైకిలు మీద వచ్చారు. ఒక పెద్దాయన మెడకు మఫ్లరు చుట్టుకుని చేతికర్రతో వచ్చాడు. ఆడవాళ్లు కూడా వచ్చారు. వారిలో రైతులున్నారు, ఉద్యోగులున్నారు, దుకాణాలవాళ్లున్నారు, నాలాంటి పాత ఉపాధ్యాయులూ ఉన్నారు. వీరందరినీ “కార్యకర్తలు” అంటారు. చేతులకు తొడుగులు వేసుకున్నారు. కొందరు చీపుళ్లు, కొందరు పారలు, కొందరు కత్తులు, దంతెలు తీసుకున్నారు. తలా ఒక పని ముందే తెలిసినట్టు విడిపోయారు. కేకలు లేవు, ఆజ్ఞలు లేవు.

నాకు కూడా ఒక చీపురు ఇచ్చారు. ప్రధానోపాధ్యాయుడిగా ఉన్నన్నాళ్లూ నేను చీపురు పట్టుకోమని చెప్పటమే కాని పట్టుకున్నది తక్కువ. పది గజాలు ఊడ్చేసరికి నడుము పట్టేసింది. నా పక్కన ఊడుస్తున్న పెద్దమ్మగారు అది గమనించి, “చీపురు మరీ గట్టిగా అదమకండి మాస్టారూ, దాని బరువే అది ఊడుస్తుంది,” అన్నారు. అరవై దాటాక నేను నేర్చుకున్న మొదటి పాఠం అది.

“అమ్మా, రోజూ ఇదే పని, ఇదే వీధి. మీకు విసుగు రాదా?” అని అడిగాను.

“ఇల్లు ఊడిస్తే విసుగొస్తుందని మానేస్తామాండీ?” అన్నారామె. “విసుగు వచ్చినా ఊడుస్తాం.”

ఇంతలో ఒక కుర్రవాడు మోటారుసైకిలు మీద వెళుతూ, టీ తాగిన కాగితపు కప్పును మేము ఊడ్చిన చోటనే పారేసి పోయాడు. నాకు కోపం వచ్చింది. కేక వెయ్యబోయాను. మఫ్లరు పెద్దాయన వెళ్లి ఆ కప్పు తీసి డిప్పలో వేసి, మళ్లీ తన పనిలో పడ్డాడు.

“రేపు కూడా పారేస్తాడు కదండీ?” అన్నాను.

“పారేస్తే రేపు కూడా తీస్తాం. అతను ముందు అలిసిపోతాడో, మేం ముందు అలిసిపోతామో చూద్దాం,” అని ఆయన నవ్వాడు.

ఆరు గంటలయ్యేసరికి తూర్పు తెల్లబడింది. అప్పుడు చూశాను, మేము పని చేసిన వీధిని. చీకట్లో కనిపించనిది వెలుగులో కనిపించింది. పిచ్చిమొక్కలు లేవు, ప్లాస్టిక్ సంచులు లేవు, చెత్తంతా బండి ఎక్కింది. అందరూ ఒకచోట చేరి కాఫీ తాగి, ఆనాటి పని ఎంతవరకు వచ్చిందో, మర్నాడు ఎక్కడ కలుసుకోవాలో మాట్లాడుకున్నారు. తరవాత ఎవరిళ్లకు వారు వెళ్లిపోయారు. కాసేపటికి వీధిలోకి వచ్చినవాళ్లకు అక్కడ ఏదైనా జరిగిందని కూడా తెలియదు. రోడ్డు శుభ్రంగా ఉంది, అంతే.

పిల్లలూ, ఇక్కడ మీకొక లెక్క. 2014 నవంబరు 12నుంచి 2024 నవంబరు 12కు పదేళ్లు. ఆ పదేళ్లలో మూడు లీపు సంవత్సరాలున్నాయి. మొత్తం ఎన్ని రోజులు? 3,653. చల్లపల్లి పని అన్ని రోజుల కాలాన్ని దాటి వచ్చింది. నా అరవై మొక్కల సభ ఒక్కరోజులో ముగిసిపోయింది. మాకూ వారికీ తేడా చీపుళ్లలో లేదు, డబ్బులో లేదు. రెండోరోజు వారు వచ్చారు, మేము రాలేదు.

“ఒకసారి బాగా శుభ్రం చేస్తే చాలదా, రోజూ ఎందుకు?” అని మీకు సందేహం రావచ్చు. దీనికి దోమ జవాబు చెబుతుంది. దోమ నిలవ నీటిలో గుడ్లు పెడుతుంది. గుడ్డులోనుంచి తోకపురుగు పుడుతుంది. అది పెరిగి ప్యూపాగా మారుతుంది, ప్యూపాలోనుంచి రెక్కల దోమ వస్తుంది. మన ఎండలకు ఇదంతా సుమారు ఎనిమిది, పది రోజులలో జరిగిపోతుంది. డెంగీ జ్వరాన్ని మోసుకువచ్చే దోమకు మురుగుకాలవ కూడా అక్కరలేదు. మా ఉద్దానంలో ఎక్కడ చూసినా ఉండే కొబ్బరి చిప్ప ఒకటి వానకు వెల్లకిలా పడి ఉంటే చాలు. అందులోని గుక్కెడు నీరే దానికి చెరువు. ఈరోజు చిప్పలన్నీ బోర్లించి, మళ్లీ నెల దాకా చూడకపోతే ఆ నెలలో దోమలు మళ్లీ మళ్లీ పుట్టవచ్చు. వారానికొకసారి తప్పకుండా బోర్లిస్తే ఒక్కటి కూడా ఎగరలేదు. అందుచేత, ఎంత గట్టిగా ఊడ్చామన్నది కాదు, ఎన్నాళ్లకొకసారి ఊడ్చామన్నదే ముఖ్యం.

ఆకుల సంగతి వేరు. రాలిన ఆకులు చెత్త కావు. గొయ్యి తీసి, ఆకులు వేసి, పేడనీళ్లు చల్లి, మట్టి కప్పితే, కంటికి కనబడని సూక్ష్మజీవులూ వానపాములూ కొన్ని నెలల్లో వాటిని ఎరువుగా మారుస్తాయి. ప్లాస్టిక్ సంచి అలా కాదు. దాన్ని తినే పురుగు మన గోతిలో లేదు. అందుకే రెంటినీ వేరు వేరుగా తియ్యాలి. ఆకులను తగలబెడితే పొగ మన ఊపిరితిత్తుల్లోకి పోతుంది, చెట్టుకు దక్కవలసిన ఎరువు గాలిలో కలిసిపోతుంది.

ఊరు ఊడ్చటం కొత్త విషయం కాదు. 1901లో కలకత్తాలో కాంగ్రెసు సభలు జరిగినప్పుడు అక్కడి మరుగుదొడ్లు భరించరానంత మురికిగా ఉన్నాయి. అది పాకీవాళ్ల పని అని అక్కడివారు ఊరుకున్నారు. అప్పటికి పేరు ప్రతిష్ఠలు రాని గాంధీగారు చీపురు అడిగి తీసుకుని స్వయంగా శుభ్రం చేశారు. మహారాష్ట్రలో గాడ్గే బాబా అనే సాధువు ఉండేవాడు. ఆయన 1876లో పుట్టి 1956లో పోయాడు. ఏ ఊరు వెళ్లినా మొదట చీపురుతో ఆ ఊరి వీధులు ఊడ్చి, సాయంత్రం కీర్తనలు పాడుతూ మంచి మాటలు చెప్పేవాడు. చీపురు పట్టుకోవటం తక్కువ పని అనీ, కొందరే చెయ్యాలనీ మన దేశంలో చాలాకాలం నమ్మారు. ఆ నమ్మకంవల్ల ఎందరో మనుషులు అవమానాలు పడ్డారు. డాక్టరూ, రైతూ, ఉపాధ్యాయుడూ పక్కపక్కన నిలబడి మురుగు తోడుతుంటే వీధితోబాటు ఆ నమ్మకం కూడా కొంత కడుక్కుపోతుంది.

తిరిగి మా ఊరు వచ్చాక అందరికీ చల్లపల్లి కథ చెప్పాను. టీ దుకాణం దగ్గర ఒకాయన, “అది కృష్ణా జిల్లా గనక అయింది, మేష్టారూ. మనవాళ్లవల్ల కాదు,” అన్నాడు.

“తేలినీలాపురం ఎక్కడుంది, బాబూ?” అని అడిగాను.

తేలినీలాపురం నౌపడాకు దగ్గరలోనే, టెక్కలి మండలంలో ఉంది. వానాకాలం చివర గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ ఆ ఊరికి వస్తాయి. చింతచెట్ల మీద, తుమ్మచెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లలను పెంచి, ఎండలు ముదిరేవేళకు వెళ్లిపోతాయి. పక్షులు వందల సంఖ్యలో ఉంటే రెట్టల వాసన ఎలా ఉంటుందో ఊహించుకోండి. రాత్రంతా అరుపులు. అయినా ఆ ఊరివాళ్లు గూడున్న చెట్టు నరకరు. పిల్లలను రాయి విసరనివ్వరు. పక్షులు రావటమే ఊరికి శుభమని భావిస్తారు. తాతలనుంచి మనవలదాకా ఏటేటా ఈ పని నడుస్తోంది. పక్షి కోసం ఇన్ని తరాలు ఓర్చుకున్న నేల మనది. మన వీధి కోసం వారానికి ఒక్క ఉదయం ఓర్చుకోలేమా?

టీ దుకాణం ఆయన మాట్లాడలేదు. కాని, “ఆదివారం ఎన్ని గంటలకు?” అని మాత్రం అడిగాడు.

నాకు మరొకరి దగ్గరకు కూడా వెళ్లవలసిన పని ఉంది. నీళ్లెవరు పోస్తారని అడిగిన అమ్మాయి ఇప్పుడు పెద్దదయింది, టెక్కలిలో డిగ్రీ చదువుతోంది. వాళ్లింటికి వెళ్లి, “అమ్మా, ఆనాడు నువ్వు అడిగినదానికి నేను సరైన జవాబు చెప్పలేదు. ఈ ఆదివారం చెరువుగట్టు మీద పని మొదలుపెడుతున్నాను, వస్తావా?” అన్నాను.

“వస్తానండీ,” అంది. తరవాత కొంచెం ఆగి, “ఆ పై ఆదివారం కూడా మీరుంటారా, మేష్టారూ?” అని అడిగింది.

ఉంటానన్నాను. ఈసారి “ఎవరో ఒకరు” అనలేదు.

మొదటి ఆదివారం పదకొండుమందిమి వచ్చాము. రెండోవారం ఆరుగురం. మూడోవారం పెళ్లిళ్ల రోజు. నేను ఒక్కణ్ణే చీపురు పట్టుకుని గట్టు మీద నిలబడ్డాను. వెనక్కి పోదామా అనిపించిన మాట నిజమే. చల్లపల్లి పెద్దమ్మగారు జ్ఞాపకం వచ్చారు. ఊడ్చాను. నాలుగోవారం ఆ అమ్మాయి తన తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకుని వచ్చింది. ఆ అబ్బాయి ఇంటినుంచి రెండు బిందెలు మోసుకొచ్చాడు.

ఇప్పటికి పద్నాలుగు ఆదివారాలయ్యాయి. ఈసారి అరవై నాటలేదు, పన్నెండే నాటాము. ఒకదాన్ని మేక తినేసింది. మిగిలినవాటికి కంప కట్టాము. పదకొండూ చిగిర్చాయి. ఒక్కొక్క మొక్కకు ఒక్కొక్క ఇల్లు పూచీ తీసుకుంది. ఏ ఇల్లు ఏ మొక్కకు నీళ్లు పోస్తుందో పలక మీద రాసి గట్టు మీది రావిచెట్టుకు కట్టాము. మా ఊరు చల్లపల్లి కాలేదు. గట్టుకు అవతలివైపు చెత్త ఇంకా అలాగే ఉంది.

పిల్లలూ, మొదట చెప్పిన ఉప్పుమడి జ్ఞాపకం ఉందా? వాన పడి ఉప్పు కరిగిపోయిందని నౌపడాలో ఎవరూ సముద్రాన్ని వదిలి వెళ్లిపోలేదు. గట్టు సరిచేసి మళ్లీ నీరు పెట్టారు. ఊరు అందంగా ఉండటం కూడా అలాంటి పంటే.

మీ ఊరంతా బాగుచెయ్యమని నేను చెప్పను. అది మీకు మోయలేని బరువు. మీ ఇంటి గుమ్మంనుంచి పది అడుగుల వీధి చూసుకోండి. ఒక వారం నిర్ణయించుకుని ఆ రోజు తప్పకుండా ఊడ్చండి. కొబ్బరి చిప్పలు బోర్లించండి. ఒక్క మొక్కకు నీళ్లు పొయ్యండి. మొదటి రోజు మీకు చాలా ఉత్సాహంగా ఉంటుంది, దాని సంగతి నాకు రాయనక్కరలేదు. నాలుగోవారం ఏమయిందో అది రాయండి.

మా గట్టు మీద పదిహేనో ఆదివారం ఎల్లుండి. నా చీపురు గుమ్మం పక్కనే ఉంది.